నానమ్మ గొంతు కోసం ఒక డిస్క్: ఇంట్లో బ్యాకప్ డ్రైవ్ పెట్టిన డైరీ

గత నెల నాన్న లాప్‌టాప్ రెండు రోజుల పాటు ఆన్ కాలేదు. చివరికి లోపల ఒక కనెక్టర్ వదులైందని తేలింది, బిగిస్తే మామూలైపోయింది. కానీ ఆ రెండు రోజులూ నాన్న అన్నం మధ్యలో ఆగి ఆగి అడిగింది ఒక్కటే: "అమ్మ రికార్డింగులు అందులోనే ఉన్నాయి కదమ్మా?"

అమ్మ అంటే మా నానమ్మ. పోయే ముందు మూడేళ్ల పాటు నాన్న ఆవిడ చేత పాత సంగతులు చెప్పించి ఫోన్‌లో రికార్డు చేశారు. 62 ఫైళ్లు. ఇంకెక్కడా లేవు. ఫోన్ మారినప్పుడు అందులోవి పోయాయి, లాప్‌టాప్‌లోవి మాత్రమే మిగిలాయి. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. చాలా సిగ్గనిపించింది.

అందుకే ఈ పని మొదలుపెట్టాను. ఇంట్లో రౌటర్ పక్కన ఒక డ్రైవ్ ఉండాలి, అందరి లాప్‌టాపులూ రాత్రిపూట వాటంతటవే అందులోకి కాపీ కావాలి, నాన్న ఏ బటనూ నొక్కాల్సిన పని ఉండకూడదు. ఏ రోజు పని ఆ రోజే రాసుకున్నాను.

1వ రోజు

సరంజామా ఇది: ఇంట్లో ఖాళీగా ఉన్న రాస్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, ఇక నుంచి దీన్ని "పై" అంటాను), ఒక 4 టీబీ హార్డ్ డిస్క్, దానికి సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ 3 పెట్టె. సొంత అడాప్టర్ అని పట్టుబట్టడానికి కారణం ఉంది. పై 4 యూఎస్‌బీ పోర్టులన్నీ కలిపి ఇవ్వగలిగింది 1.2 ఆంపియర్లే. తిరిగే డిస్క్ ఆ కరెంటు మీద ఆధారపడితే, బాగా పని చేస్తున్నట్టే ఉండి సరిగ్గా పెద్ద ఫైలు రాసేటప్పుడు తెగిపోతుంది.

రెండు డిస్కులు కొని రెయిడ్ (ఒకే డేటాని రెండిట్లోనూ ఒకేసారి రాసే ఏర్పాటు) పెట్టొచ్చు కదా అని అక్క అడిగింది. 1988లో బర్కిలీ యూనివర్సిటీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే పరిశోధకులు రెయిడ్ గురించి రాసినప్పటి నుంచీ దాని పని ఒకటే: ఒక డిస్క్ చచ్చిపోయినా సిస్టమ్ ఆగకుండా నడపడం. నాన్న పొరపాటున ఒక ఫోల్డర్ తీసేస్తే రెయిడ్ రెండు డిస్కుల్లోంచీ అదే క్షణంలో తీసేస్తుంది. నాకు భయం ఆ చేతి పొరపాటు గురించే. రెండో డిస్క్ కొంటాను, కానీ దాన్ని ఈ ఇంట్లో ఉంచను. అది అక్క ఇంటికి వెళ్తుంది.

కొత్త డిస్క్ అని నమ్మి నేరుగా డేటా పెట్టలేదు. ముందు స్మార్ట్ (డిస్క్ తన ఆరోగ్యాన్ని తనే చూసుకునే సదుపాయం) పరీక్షల్లో పొడుగుది పెట్టాను. యూఎస్‌బీ పెట్టెలో ఉన్న డిస్క్ కాబట్టి కమాండుకి "శాట్" అనే రకం కూడా చెప్పాల్సి వచ్చింది, లేకపోతే డిస్క్ వివరాలే చూపించలేదు. మొత్తం పలకంతా చదివి చూసుకునే పరీక్ష ఇది, నా డిస్క్‌కి 8 గంటలు పట్టింది. అది నడుస్తుండగా ఖాళీగా కూర్చోలేక సాంబా (నెట్‌వర్క్ మీద ఫోల్డర్లని పంచే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేసి, పై నడిచే మెమరీ కార్డు మీదే ఉత్తుత్తి ఫోల్డర్ ఒకటి తయారుచేసి, లాప్‌టాప్ నుంచి కనిపిస్తోందో లేదో చూసుకున్నాను. కనిపించింది, సంతోషమేసింది. ఈ ఫోల్డర్ సంగతి గుర్తుంచుకోండి, 8వ రోజు మళ్లీ వస్తుంది.

2వ రోజు

పరీక్ష పాసైంది. స్మార్ట్ పట్టికలో నేను చూసే వరసలు రెండే: 5వ నంబరు, అంటే చెడిపోయి వేరే చోటికి మార్చిన సెక్టార్ల (డిస్క్ మీది చిన్న గళ్ల) లెక్క. 197వ నంబరు, అంటే చదవడానికి మొరాయిస్తూ తేలకుండా ఉన్న సెక్టార్ల లెక్క. రెండూ సున్నా. ఇవి సున్నా దాటి పెరుగుతున్నాయంటే ఆ డిస్క్ మీద నేనైతే ఏదీ ఉంచను.

ఫైల్ సిస్టమ్, అంటే డిస్క్ మీద ఫైళ్లని సర్దే పద్ధతి, ఈఎక్స్‌టీ4. పెద్ద ఆలోచన ఏమీ చేయలేదు, 2008 నుంచీ లినక్స్ (పై మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ఉంది, కరెంటు పోయినా తట్టుకుంటుంది. ఒక్క విషయం మాత్రం మార్చాను. అది మామూలుగా మొత్తం జాగాలో 5 శాతం రూట్ (అన్ని హక్కులూ ఉన్న ఖాతా) కోసం పక్కన పెట్టేస్తుంది. 4 టీబీలో 5 శాతమంటే 200 జీబీ! సిస్టమ్ నడిచే డిస్క్‌కి ఆ జాగ్రత్త అవసరం, డేటా మాత్రమే ఉండే డిస్క్‌కి అంత అక్కర్లేదు. 1 శాతానికి తగ్గించాను.

పై ఆన్ అయినప్పుడల్లా డ్రైవ్ తనంతట తనే మౌంట్ కావడానికి (అంటే ఒక ఫోల్డర్ మీద తగులుకుని కనిపించడానికి) ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో ఒక వరస రాశాను. డ్రైవ్ పేరుతో కాకుండా యూయూఐడీతో, అంటే దానికే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్యతో రాశాను, రేపు ఇంకో పెన్‌డ్రైవ్ పెడితే పేర్లు తారుమారైనా ఇబ్బంది ఉండదు. "నోఫెయిల్" అనే మాట కూడా చేర్చాను. అది లేకపోతే డ్రైవ్ దొరకనప్పుడు పై అసలు పూర్తిగా ఆన్ కాకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది, స్క్రీనూ కీబోర్డూ తగిలిస్తే గాని కదలదు. నేను ఊళ్లో లేనప్పుడు నాన్న ఆ తిప్పలు పడకూడదు.

3వ రోజు

సాంబా అసలు అమరిక. ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆయన దీన్ని తొంభైల మొదట్లో మొదలుపెట్టారు. ఎస్ఎంబీ (కంప్యూటర్లు నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచుకునే పద్ధతి) అనే మూడక్షరాలు వరసగా వచ్చే మాట కోసం డిక్షనరీ ఫైలులో వెతికితే సాంబా దొరికిందట. బ్యాకప్‌ల కోసం నేను వాడబోయే ఆర్‌సింక్ అనే కాపీ పనిముట్టు కూడా ఆయనా పాల్ మకెరాసూ కలిసి 1996లో తెచ్చినదే. ఒక మనిషి చేసిన రెండు పనిముట్ల మీద ఇవాళ మా ఇంటి జ్ఞాపకాలన్నీ నిలబడుతున్నాయి, అందుకే పేరు రాసుకున్నాను.

డ్రైవ్‌లో రెండు ఫోల్డర్లు పెట్టాను. ఒకటి "వాకిలి", రెండోది "కొట్టుగది". లాప్‌టాపులు తెచ్చిన సామాను వాకిట్లో దింపుతాయి. రాత్రి మూడింటికి పై తనే వాకిట్లో ఉన్నవాటిని కొట్టుగదిలోకి ఆ రోజు తేదీతో సర్దుతుంది. లాప్‌టాపులకు వాకిట్లో రాసే హక్కు మాత్రమే ఉంది. కొట్టుగది రూట్ చేతిలో ఉంది, నెట్‌వర్క్ మీద చదవడానికి మాత్రమే కనిపిస్తుంది.

ఇంత ఎందుకంటే, లాప్‌టాప్‌లోకి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే అది లాప్‌టాప్‌తో ఆగదు. ఆ లాప్‌టాప్‌కి రాసే హక్కున్న ప్రతి నెట్‌వర్క్ ఫోల్డర్‌నీ తాళం వేసేస్తుంది. బ్యాకప్ కూడా అందులోనే ఉంటే ఇక అంతే. వాకిలి పాడైనా కొట్టుగదిలో నిన్నటిది, మొన్నటిది భద్రంగా ఉండాలి.

ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌ని దగ్గరికి కూడా రానివ్వలేదు. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది అందులోని లోపం పట్టుకునే. 2019లో వచ్చిన 4.11 నుంచి సాంబా దాన్ని తనే మూసేసి ఇస్తోంది, అయినా సెట్టింగ్ ఒకసారి కళ్లతో చూసుకున్నాను. రౌటర్‌లో ఈ పైకి ఒకే అడ్రస్ ఎప్పుడూ వచ్చేలా రిజర్వ్ చేశాను. బయటి ఇంటర్నెట్ వైపు ఒక్క పోర్టు (లోపలికి వచ్చే దారి) కూడా తెరవలేదు.

5వ రోజు

నాన్న లాప్‌టాప్ కాపీ మొదలుపెట్టాను. మొత్తం దాదాపు 600 జీబీ, ఎక్కువ భాగం ఫొటోలూ వీడియోలూ. మొదటిసారి వైఫై వద్దని కేబుల్ తగిలించాను. వేగం సెకనుకి 11 ఎంబీ. నాన్న వచ్చి చూసి, "ఎప్పటికవుతుందమ్మా?" అన్నారు. లెక్కేస్తే 15 గంటలు.

11 అనే అంకె చూడగానే అనుమానం వచ్చింది. సెకనుకి 100 మెగాబిట్లంటే 8తో భాగిస్తే 12.5 ఎంబీ, అందులో కొంత రవాణా ఖర్చు పోతే 11 చిల్లర. అంటే ఎక్కడో గిగాబిట్ (సెకనుకి 1000 మెగాబిట్ల) లైను 100కి పడిపోయింది. ఈథ్‌టూల్ అనే కమాండుతో అడిగితే పై కూడా అదే చెప్పింది: స్పీడ్ 100.

రౌటర్ గిగాబిట్‌దే, పై గిగాబిట్‌దే, లాప్‌టాప్ గిగాబిట్‌దే. ఇక మిగిలింది వైరు. పై దగ్గరున్న కేబుల్ కొసను దీపం కింద పెట్టి చూశాను. పారదర్శకంగా ఉన్న ఆ ప్లాస్టిక్ మూతిలో ఎనిమిది రాగి పళ్లు ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక్కో తీగలోకి దిగాలి. ఏడు దిగాయి. ఎనిమిదోది, గోధుమరంగు తీగ మీదది, వెంట్రుకవాసి పైకే ఉండిపోయింది. గిగాబిట్‌కి నాలుగు జతలూ, అంటే ఎనిమిది తీగలూ కావాలి. 100కి రెండు జతలు చాలు. గోధుమరంగు జత ఆ రెండింట్లో లేదు. అందుకే ఒక తీగ అందకపోయినా లైను తెగిపోలేదు, ఎవరికీ చెప్పకుండా తగ్గిపోయింది. ఎర్ర లైటు లేదు, హెచ్చరిక లేదు.

వేరే కేబుల్ పెట్టాను. సెకనుకి 105 ఎంబీ. గంటన్నర పైచిలుకులో మొత్తం అయిపోయింది.

6వ రోజు

కొట్టుగది సర్దే స్క్రిప్ట్ రాశాను. ఆర్‌సింక్‌లో "లింక్‌డెస్ట్" అనే సదుపాయం ఉంది. నిన్నటి ఫోల్డర్‌తో పోల్చి, మారని ఫైలుని మళ్లీ కాపీ చేయకుండా పాత ఫైలుకే ఇంకో పేరు తగిలిస్తుంది, దాన్నే హార్డ్ లింక్ అంటారు. 30 రోజుల ఫోల్డర్లు తెరిచి చూస్తే 30 పూర్తి కాపీల్లా కనిపిస్తాయి, డిస్క్ మీద మాత్రం ఒక కాపీ, దాని మీద మార్పులు.

దీనికో పరిమితి ఉంది, నాకు నేనే రాసి పెట్టుకుంటున్నాను. 30 తేదీల్లోనూ కనిపించే ఫైలు డిస్క్ మీద ఉన్నది ఒక్క చోటే. ఆ చోటు చెడితే 30 తేదీల్లోనూ చెడుతుంది. ఇవి నాన్న చేతి పొరపాటుకి మందు, డిస్క్ జబ్బుకి కాదు. రెండో డిస్క్ అందుకే.

8వ రోజు

సాయంత్రం పైలోకి లాగిన్ అవబోతే నత్తలా ఉంది. డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండు కొట్టి చూస్తే 32 జీబీ మెమరీ కార్డు 100 శాతం నిండిపోయింది. సిస్టమ్ అంతా కలిపి 6 జీబీ ఉండాలి. ఏ ఫోల్డర్ ఎంత తింటోందో డీయూతో లెక్కేస్తే మొత్తం 6 జీబీయే వస్తోంది. నిండిందని ఒకరు, లేదని ఇంకొకరు. మిగతా 20 జీబీకి పైగా ఎక్కడుంది?

గంటసేపు వెతికాక మా అమ్మతో మాట్లాడుతుంటే దారి దొరికింది. మొన్న మధ్యాహ్నం కాసేపు కరెంటు పోయిందట. వచ్చాక ఆ నల్ల పెట్టె లైటు వెలగలేదని నిన్న పొద్దున గమనించి, మీద ఉన్న బటన్ నొక్కిందట. అప్పుడు నాకర్థమైంది. కరెంటు వచ్చాక పై తనంతట తనే ఆన్ అవుతుంది. డిస్క్ పెట్టె కాదు, దాని బటన్ నొక్కాలి. ఆ రాత్రి డ్రైవ్ లేకుండానే పై నడిచింది. నోఫెయిల్ పెట్టాను కదా, ఏమీ అనకుండా నడిచింది.

డ్రైవ్ లేనప్పుడు వాకిలి కూడా ఉండకూడదు, కాపీ ఆగిపోవాలి. కానీ ఉంది. 1వ రోజు నేను సాంబాని సరిచూసుకోవడానికి కార్డు మీద చేసిన ఉత్తుత్తి ఫోల్డర్, సరిగ్గా అదే దారిలో, అదే పేరుతో. తర్వాత డ్రైవ్ దాని మీద మౌంట్ అయ్యింది కాబట్టి అది కింద కనపడకుండా ఉండిపోయింది. డ్రైవ్ పక్కకి తప్పుకోగానే బయటపడింది. నాన్న లాప్‌టాప్ రాత్రి వచ్చి చూసింది, వాకిలి ఖాళీగా ఉంది, సరేనని మొత్తం మొదటి నుంచి దింపడం మొదలుపెట్టింది. కార్డు నిండేదాకా దింపింది. పొద్దున అమ్మ బటన్ నొక్కింది, నిన్న సాయంత్రం నేను కెర్నెల్ అప్‌డేట్ కోసం పైని రీస్టార్ట్ చేశాను, డ్రైవ్ మళ్లీ దాని మీద కూర్చుంది. ఆ 20 జీబీ కింద సమాధి అయిపోయింది, డీయూకి కనిపించలేదు.

అన్నిటికీ మూలమైన రూట్ ఫోల్డర్‌ని వేరే చోట బైండ్ మౌంట్ చేసి, అంటే ఇంకో దారిలోంచి కూడా కనపడేలా చేసి, ఆ కిటికీలోంచి చూస్తే, ఉన్నాయి అన్నీ. నాన్న ఫొటోలు, సగం దాకా.

ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. కార్డు నిండింది కాబట్టి తెలిసింది. అదే 512 జీబీ కార్డు అయి ఉంటే ఎన్నాళ్లు తెలిసేది కాదు? బ్యాకప్ ఉందన్న ధీమాతో నాన్న ఏదైనా తీసేసి ఉంటే? కేబుల్ విషయంలోనూ ఇంతే జరిగింది. ఈ పనిలో ఏదీ పెద్ద చప్పుడుతో విరగదని రెండోసారి చూశాను. కాబట్టి ఇక నుంచి నా పని వేగం పెంచడం కాదు, ప్రతి అడుగునీ చప్పుడు చేసేలా మార్చడం.

9వ రోజు

మూడు మార్పులు చేశాను. డ్రైవ్ తీసి, కింద ఉన్న ఫోల్డర్‌ని ఖాళీ చేసి, దానికి చాట్ర్ కమాండుతో "మార్చకూడదు" అన్న గుర్తు వేశాను. ఇప్పుడు డ్రైవ్ లేనప్పుడు అందులో రూట్ కూడా ఒక్క ఫైలు పెట్టలేదు. డ్రైవ్ మౌంట్ అయితే ఆ గుర్తు అడ్డు రాదు, ఎందుకంటే అది కింది ఫోల్డర్‌ది. రెండోది, కొట్టుగది స్క్రిప్ట్ మొదట మౌంట్ ఉందో లేదో అడిగి, లేకపోతే అక్కడే తప్పు చెప్పి ఆగుతుంది. మూడోది, పెట్టెను మార్చాను. కరెంటు రాగానే తనే ఆన్ అయ్యే రకం ఒకటి తెప్పించాను. పెట్టె కొనేటప్పుడు ఈ ఒక్క విషయం చూసుకోమని ఎవరైనా అడిగితే చెబుతాను. డిస్క్ వేగం కంటే ఇది ముఖ్యం.

తర్వాత కావాలని ప్లగ్ పీకి పెట్టి మూడుసార్లు పరీక్షించాను. డ్రైవ్ లేనప్పుడు లాప్‌టాప్ నుంచి వాకిలి తెరవబోతే తెరుచుకోలేదు. ఇంత తృప్తిగా ఎర్రర్ చూసింది ఇదే మొదటిసారి.

12వ రోజు

నాన్న లాప్‌టాప్‌లో రాత్రి కాపీ చేసేది రోబోకాపీ, విండోస్‌లోనే ఉంటుంది. మొదట్లోనే రెండు సంగతులు చదివి జాగ్రత్తపడ్డాను. ఒకటి, ఒక ఫైలు కాపీ కాకపోతే మామూలుగా అది 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, మధ్య 30 సెకన్లు ఆగుతూ. అంటే ఒక్క ఫైలు దగ్గరే దాదాపు ఏడాది. ఒకసారి చాలని చెప్పాను. రెండు, పని అయ్యాక అది చెప్పే అంకె 1 అయితే ఫైళ్లు కాపీ అయ్యాయని. 8 గాని అంతకంటే ఎక్కువ గాని అయితే ఏవో అందలేదని.

ఇవాళ దాని లాగ్ (ఏం జరిగిందో రాసే చిట్టా) తెరిచి ఆ అంకె చూశాను. 9. కింద పట్టికలో ఫెయిల్ అయినవి 19.

ఆ 19 ఏవో చూశాక చేతులు చల్లబడ్డాయి. అన్నీ నానమ్మ రికార్డింగులే. మొత్తం 62లో 43 వెళ్లాయి, 19 వెళ్లలేదు. మొదటి రాత్రి నుంచీ వెళ్లలేదు. ఏ బ్యాకప్ కోసం ఇదంతా మొదలుపెట్టానో సరిగ్గా అవే.

నాన్న ఫైళ్లకి పేర్లు వాక్యాల్లా పెడతారు. అందులో ఒకటి ఇది: "నానమ్మ చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి నడిచి వెళ్తూ వానలో చిక్కుకుని రాత్రంతా బడి అరుగు మీద తలదాచుకున్న సంగతి". మనవరాలికి చెబుతున్నట్టుగా నానమ్మ అనే రాస్తారు. పేరు చదివితే చాలు, కథ గుర్తొస్తుంది.

చిక్కు ఎక్కడంటే, "నానమ్మ" కంటికి మూడక్షరాలు. కంప్యూటర్‌కి ఆరు గుర్తులు: న, దీర్ఘం, న, మ, పొల్లు, మ. యూటీఎఫ్-8లో (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతిలో) తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది, కాబట్టి 18 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికైతే ఒక్క బైటే. విండోస్ ఫైల్ సిస్టమ్ పేరుని గుర్తుల్లో లెక్కేస్తుంది, 255 దాకా సరే అంటుంది. ఈఎక్స్‌టీ4 బైట్లలో లెక్కేస్తుంది, దానిదీ 255 పరిమితే, కానీ బైట్లు. అంటే తెలుగులో 85 గుర్తులకే గది నిండిపోతుంది. పైన చెప్పిన పేరు, ఎంపీ3 అన్న తోకతో సహా, 113 గుర్తులు. విండోస్‌కి సగం కూడా కాదు. లినక్స్‌కి 303 బైట్లు. పట్టదు. వేరే ఫైల్ సిస్టమ్‌కి మారదామా అంటే ఎక్స్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ కూడా ఇదే 255 బైట్ల దగ్గర ఆగుతాయి.

ఇంకో విషయం తట్టి మనసు కలుక్కుమంది. నాన్నకి ఏ సంగతి ఎంత ముఖ్యమైతే దానికి అంత పొడుగు పేరు పెట్టారు. అందుకే వెళ్లకుండా ఆగిన 19 ఏవంటే, ఆయనకి అన్నిటికంటే ఇష్టమైన 19.

13వ రోజు

పేర్లు కుదిద్దామని నాన్నని అడిగాను. నంబర్లు పెట్టి, పూర్తి పేరు వేరే ఫైలులో రాసుకుందామన్నాను. ఆయన కాసేపు ఆ వరస చూస్తూ కూర్చున్నారు. "నంబరు చూస్తే నాకేం గుర్తొస్తుందమ్మా? అవి నేను కూర్చుని ఒక్కోటీ విని పెట్టిన పేర్లు" అన్నారు. అది విన్నాక మళ్లీ అడగలేదు. ఆయన పేర్లని పట్టలేకపోవడం నా అమరిక లోపం, దాన్ని నేనే సరిచేయాలి.

రెస్టిక్ అనే పనిముట్టుకి మారాను. అది ఫైళ్లని ముక్కలు చేసి, ఎన్‌క్రిప్ట్ చేసి (పాస్‌వర్డ్ లేనిదే చదవలేకుండా మార్చి), ఆ ముక్కలకి తనే పొట్టి పేర్లు పెట్టి డిస్క్ మీద దాస్తుంది. అసలు పేర్లు ఆ ముక్కల లోపల డేటాలా ఉంటాయి, కాబట్టి ఈఎక్స్‌టీ4కి అవి ఎంత పొడుగో తెలియనే తెలియదు. రికార్డింగుల ఫోల్డర్ మొత్తాన్ని దీనికి అప్పగించాను. 62 పంపితే 62 చేరాయి.

దీనికీ ఒక వెల ఉంది. పాస్‌వర్డ్ పోతే డేటా పోయినట్టే, వెనకదారి లేదు. పాస్‌వర్డ్‌ని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇంటి కాగితాలుండే ఫైలులో పెట్టాను, ఇంకో కాగితం అక్కకి ఇచ్చాను. ఈ పాస్‌వర్డ్‌ని లాప్‌టాప్‌లో మాత్రమే దాచుకోవడం అంటే తాళంచెవిని బీరువాలో పెట్టి బీరువా మూయడమే.

15వ రోజు

నాన్న ఫొటోల ఫోల్డర్ పేరు మార్చారు. ఆర్‌సింక్‌కి పేరు మారిందని తెలియదు, కొత్త ఫోల్డర్ అనుకుని 60 జీబీ మళ్లీ రాసింది. జాగా ఉంది కాబట్టి వదిలేశాను.

20వ రోజు

ఇవాళ చేసింది తిరిగి తెచ్చుకునే పరీక్ష. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో పొరపాటున డేటాబేస్ చెరిగిపోయినప్పుడు, బ్యాకప్ కోసం పెట్టుకున్న అయిదు దారుల్లో ఏదీ సరిగ్గా పనిచేయడం లేదని అప్పుడే తెలిసిందని వాళ్లే బయటికి రాశారు. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. ఆ పనే వృత్తిగా ఉన్నవాళ్లకి అలా జరిగితే నా స్క్రిప్ట్ ఎంత?

నియమం ఒకటి పెట్టుకున్నాను: నాన్న లాప్‌టాప్ లేదనుకోవాలి. దాన్ని ముట్టుకోకూడదు. నా లాప్‌టాప్‌లో, డిస్కూ ఆ కాగితమూ మాత్రమే పెట్టుకుని తేవాలి.

మొదటి తప్పు అక్కడే దొరికింది. నా లాప్‌టాప్ లినక్స్‌ది. రెస్టిక్ పేర్లని భద్రంగా దాచింది గాని, వాటిని బయటికి తీసి ఈఎక్స్‌టీ4 మీద పెట్టబోతే మళ్లీ అదే 255 బైట్ల గోడ. ఆ 19 రాలేదు. డేటా క్షేమంగా ఉంది, దింపడానికి చోటే సరిపోదు. విండోస్ ఉన్న అమ్మ లాప్‌టాప్ తెచ్చి అందులోకి తీశాను. 62 వచ్చాయి, పూర్తి పేర్లతో. ఈ సంగతి కూడా పాస్‌వర్డ్ కాగితం మీద రాశాను: "విండోస్ కంప్యూటర్‌లోకే తీయాలి". కష్టకాలంలో ఆ కాగితం చదివేది నేనే అవ్వాలని లేదు కదా.

తర్వాతే నాన్న లాప్‌టాప్ తెరిచి రెండు చోట్లా షా256 లెక్క (ఫైలుకి వేలిముద్ర లాంటిది) కట్టించి పోల్చాను. అన్నీ ఒక్కటే. లెక్క సరిపోయినా, నాన్నని పిలిచి అమ్మ లాప్‌టాప్‌లో ఒకటి పెట్టాను. బడి అరుగు సంగతి. నానమ్మ ముందు దగ్గింది, తర్వాత "పెట్టావా, వినపడుతోందా?" అని అడిగింది, అప్పుడు మొదలుపెట్టింది. నాన్న పూర్తిగా విన్నారు. 22 నిమిషాలు. నేనూ పక్కనే కూర్చున్నాను.

21వ రోజు

చప్పుడు చేసే ఏర్పాటు పూర్తి చేశాను. మొదట తప్పు జరిగితేనే మెసేజ్ వచ్చేలా రాశాను, తర్వాత కొట్టేశాను. పైయే ఆగిపోతే తప్పని చెప్పేదెవరు? అందుకే తిరగేశాను. రోజూ పొద్దున ఏడింటికి కుటుంబ గ్రూపులోకి టెలిగ్రామ్ బాట్ ఒక మెసేజ్ పంపుతుంది: ఎవరెవరి లాప్‌టాప్ చివరిసారి ఎప్పుడు అందింది, రికార్డింగులు ఎన్ని ఉన్నాయి, స్మార్ట్‌లో 5, 197 వరసల అంకెలు, డిస్క్ ఎంత వేడిగా ఉంది. మెసేజ్ రాకపోవడమే హెచ్చరిక.

రోజూ వచ్చే మెసేజ్‌ని పది రోజుల తర్వాత ఎవరూ చూడరని అక్క అంది. నిజమే, నేనైతే చూడను. కానీ నాన్న తను చూస్తానన్నారు. "62 అని ఉంటే చాలు కదా?" అన్నారు. చాలు అన్నాను.

23వ రోజు

రెండో డిస్క్‌ని ఎల్‌యూకేఎస్‌తో (లినక్స్‌లో డిస్క్ మొత్తానికి తాళం వేసే సదుపాయం) ఎన్‌క్రిప్ట్ చేసి, దాని మీద మొత్తం కాపీ చేసి అక్కకి ఇచ్చాను. రెండు నెలలకోసారి తను వచ్చేటప్పుడు తెస్తుంది, కొత్తవి ఎక్కించి పంపుతాను. మంటలైనా నీళ్లైనా రెండిళ్లకీ ఒకేసారి రావు.

27వ రోజు

పొద్దున ఏడుంపావుకి నాన్న నా గది తలుపు తట్టారు. "ఏమ్మా, ఇవాళ మెసేజ్ రాలేదే?"

లేచి వెళ్లి చూశాను. రాత్రి గది తుడిచేటప్పుడు పై అడాప్టర్ ప్లగ్ కదిలి సాకెట్‌లో వదులుగా ఉంది, లైటు లేదు. గట్టిగా పెట్టాను. రెండు నిమిషాల్లో ఆన్ అయ్యింది, డ్రైవ్ మౌంట్ అయ్యింది. రాత్రి కాపీ ఒక్కటి తప్పింది, దాన్ని చేత్తో నడిపించాను. స్క్రిప్ట్ మళ్లీ పంపిన మెసేజ్‌ని నాన్న అక్కడే నిలబడి కళ్లజోడు పెట్టుకుని చదివారు. "62" అన్నారు, ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

ప్లగ్‌కి టేపు చుట్టాను. ఇవాళ్టికి ఇంతే పని.